ముత్తాత పక్కన ఖాళీ గడి

యాభై ఏళ్ల వయసులో ఖతర్‌లో కంపెనీ బస్సు నడుపుతున్నాను. ఇక్కడే అల్ సద్ అనే పేటలో ఆఫీసు ఉద్యోగం చేసే మా పెదనాన్న కొడుకు దావీదన్న, మా ఊరి నుంచి మొట్టమొదట బొంబాయి మిల్లుకు వెళ్లిన మా ముత్తాత చరిత్ర రాస్తున్నాడు. పాత జనాభా లెక్కలు, చర్చి రిజిస్టర్లు వెతికించాడు. "మీ అన్నను జూసి నేర్చుకోరాదు" అని నా భార్య ఫోన్‌లో అన్నప్పుడల్లా కడుపు మండేది.

పోయిన సెలవుకు ఊరెళ్తుంటే, "తమ్మీ, చర్చిల పెండ్లి రిజిస్టర్ చూడు. ముత్తవ్వ పేరొక్కటే దొరుకుతలేదు" అన్నాడు. ఆ పేజీ దొరికింది. ఫొటో కూడా తీశాను. అన్నకు మాత్రం చెదలు తినేశాయని చెప్పాను.

ఇక్కడ సెలవు రోజైన ఒక శుక్రవారం, చర్చి ప్రార్థన అయ్యాక అన్న ఇక్కడున్న చుట్టాలందరికీ వంశవృక్షం చూపించాడు. ముత్తాత పక్క గడి ఖాళీగా ఉంది. "పేరు దొరకకున్నా, తమ్ముడు సెలవు పాడుచేసుకొని ఎతికిండు. చప్పట్లు కొట్టుండ్రి" అన్నాడు. అందరూ కొట్టారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

అందరూ వెళ్లాక ఫోన్ తీసి ఫొటో చూపించాను. "నిన్ను జూసి ఓర్వలేకపోయిన అన్నా."

అన్న వంశవృక్షం మళ్లీ పరిచాడు. తర్వాత పెన్ను తీసి, "పేరు చదువురా" అన్నాడు.

"రూతమ్మ."

నేను దాచిన సంగతి అన్న ఎవరికీ చెప్పలేదు. నేనే మళ్లీ వెతికి తెచ్చానని చుట్టాలు ఇప్పటికీ మెచ్చుకుంటున్నారు. అందుకే ఇది రాస్తున్నాను. అన్న మీద అసూయతో నేను దాచింది మా ముత్తవ్వను.