నాలుగు వేళ్ళ మడత

ఆడపిల్లల బడికి ఎదురుగా ఉన్న ఇరుకు గదిలో ఇరవై రెండేళ్లుగా బట్టలు కుడుతున్న మనిషిని అందరూ గుండీలమ్మ అంటారు. ఊడిన గుండీ గుప్పిట్లో పట్టుకుని పరుగెత్తుకొచ్చే పిల్లలు పెట్టిన పేరది. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనిపించదు. ఆవిడకు నోట్లో నాలుక లేదని టీచర్లు అనుకుంటారు. నాలుక ఉంది, కాకపోతే పొద్దస్తమానం పెదాల మధ్య గుండుసూదులుంటాయి.

కూతురు ఆ బడిలోనే సంగీతం టీచరుగా చేరి ఏడాది కాలేదు. చంటిపిల్లల కోసం కట్టిన కొత్త గదులు తెరిచే రోజున పాడించడానికి, అట్ట ఊడిపోయిన పాత పాటల పుస్తకంలోంచి ఒక పాట ఏరి, రాగం కట్టి, నలభై మంది పిల్లలకు మూడు నెలలు నేర్పింది. రాసినదెవరో పుస్తకంలో లేదు. ఇంట్లో ఆ రాగం తీస్తూనే ఉండేది గానీ, మిషను చప్పుడులో తల్లి చెవిన మాటలెప్పుడూ పడలేదు.

ఇంక వారం ఉందనగా కూతురు మొహం వేలాడేసుకుని వచ్చింది.

"పాట తీసేస్తారటమ్మా. అది చావు పాటట. బడి కమిటీలో ఉన్న లెక్చరర్ గారు తేల్చేశారు. రేపు మీటింగు."

"అంత చావు ఏముందే అందులో?"

"అది విరహమమ్మా. ప్రేమ. ఆయనకి చెప్పలేక చస్తున్నాను, మళ్ళీ నీకెక్కడ చెప్పను? కవిత్వం నీకేం అర్థమవుతుంది?"

గుండీలమ్మ సూదిలో దారం ఎక్కించుకుంది.

మర్నాడు మధ్యాహ్నం పాడే పిల్లల కొత్త స్కర్టులు ఇవ్వడానికి ఆవిడ స్టాఫ్ రూముకు వెళ్ళేసరికి మీటింగు జోరుమీదుంది. పెద్ద మేడం సైగ చేస్తే, మూట ఒళ్ళో పెట్టుకుని గోడవారగా కూర్చుంది. రిటైరైన లెక్చరర్ గారు కళ్ళజోడు సవరించుకుని పాటను పాదం పాదం విరిచి చదివారు.

"ఎర్రని గుడ్డకు తెల్లని దారం, లోపల మడిచితి నాలుగు వేళ్ళు, చూసేవారికి కానరాదు, ఏడాది తిరిగితే విప్పేది నేనే. వినండి. ఎరుపు ప్రాణం. తెలుపు శవవస్త్రం. నాలుగంటే మోసే నలుగురు. ఏడాదిలో విప్పేది మృత్యువు! చంటిపిల్లల గదులు తెరుస్తూ పాడాల్సిన పాటేనా ఇది?"

"నాలుగంటే నాలుగు దిక్కులేమో సార్," అన్నారు లెక్కల టీచరు.

"మీరు లెక్కలు చూసుకోండి."

"రహస్యంగా దాచుకున్న ప్రేమ సార్ అది," అంది కూతురు.

"ప్రేమైతే ఇంకా నయం, చిన్నపిల్లల చేత పాడించడానికి!"

పెద్ద మేడం నిట్టూర్చి, కార్యక్రమం కాగితం మీద ఆ పాట దగ్గర పెన్ను ఆనించారు. కూతురు తల వంచుకుంది.

గుండీలమ్మ పెదాల మధ్య నుంచి గుండుసూదులు తీసి కొంగుకు గుచ్చుకుంది.

"మేడం గారూ, గీత కొట్టకండి. సార్, ఆ రెండో ముక్క ఇంకోసారి చదవండి."

కూతురు కంగారుగా కళ్ళెర్ర చేసింది. లెక్చరర్ గారు వింతగా చూసి, చదివారు. గుండీలమ్మ మూటలోంచి ఒక నీలం స్కర్టు తీసి, బల్ల మీద పరిచి, అంచు తిరగేసింది. లోపల వెడల్పాటి మడత. దాని పొడవునా తెల్ల దారంతో పెద్ద పెద్ద కుట్లు.

"వేళ్ళు పెట్టి చూడండి సార్."

ఆయన మొహమాటంగానే పెట్టారు. సరిగ్గా నాలుగు వేళ్ళు పట్టింది.

"పిల్ల ఎదుగుతుందని లోపల గుడ్డ వదిలిపెడతాం. రేపు విప్పేటప్పుడు కంటికి ఆనాలని వేరే రంగు దారం వేస్తాం. ఎరుపైనా నీలమైనా నేను తెలుపే వేస్తాను."

"మరి చూసేవారికి కానరాదంటాడే?"

"కనపడితే అది కుట్టినదాని చేతకానితనం సార్."

ఎవరో కిసుక్కుమన్నారు. లెక్చరర్ గారు వదల్లేదు. "విప్పేది నేనే అనడంలో బెదిరింపు లేదూ?"

"బెదిరింపు కాదు, ధీమా. ఏడాది తిరిగేసరికి నా పిల్ల ఇంత పొడుగవుతుంది, అప్పటికి నేనూ ఉంటానని." ఆవిడ ముడి తెంపి దారం కొస పట్టుకుని ఒక్క లాగు లాగింది. కుట్లన్నీ వరసగా ఊడి వచ్చాయి, స్కర్టు నాలుగు వేళ్ళు కిందికి జారింది. "చచ్చినవాళ్ళ గుడ్డకి లోపల మడత ఎవరు పెడతారు సార్? వాళ్ళింక పెరగరుగా."

లెక్చరర్ గారు కాగితం మళ్ళీ చదువుకున్నారు, పెదాలు కదుపుతూ, నాలుగు పాదాలూ. తర్వాత కళ్ళజోడు తీసేశారు.

"ముప్పై ఏళ్ళు పాఠం చెప్పానమ్మా. బట్ట తిరగేసి చూడాలని ఒక్కరోజూ తోచలేదు." పెద్ద మేడం వైపు తిరిగారు. "పాట ఉండాల్సిందే. మధ్యలో కాదు, మొట్టమొదట."

కూతురు లేచి తల్లి పక్కకు వచ్చింది. "నాకూ అర్థం కాలేదమ్మా," అంది, అందరి ముందే.

"నాకు మాత్రం ఇంతకుముందు ఎవరు చదివి వినిపించారే?" అంటూ గుండీలమ్మ జారిన స్కర్టు మడిచింది. "వాదన గెలిచాను గానీ, ఇది మళ్ళీ కుట్టుకు చావాలి."

గదులు తెరిచిన రోజున లెక్చరర్ గారే వేదికెక్కి పాటకు అర్థం చెప్పారు. సొంత తెలివి కాదనీ, ఎవరు చెప్పారో, ఎక్కడ కూర్చున్నారో కూడా చెప్పి చూపించారు. నలభై గొంతులు ఎత్తుకున్నాయి. రెండో పాదానికల్లా ముందు వరసల్లోని తల్లులు వంగి, పక్కనున్న పిల్లల గౌన్ల అంచులు తిరగేసి చూసుకోవడం మొదలుపెట్టారు. చప్పట్లు ఆగలేదు. మళ్ళీ పాడమన్నారు, పాడారు.

ఆ వారం పోస్టాఫీసు గుమాస్తా గుండీలమ్మ గదికి ఒక కాగితం పట్టుకొచ్చాడు. "అక్కా, ఇంకో పాట. మా ఆఫీసులో నెల రోజులుగా కొట్టుకుంటున్నాం. దీని అర్థం నువ్వే చెప్పాలి."

"అందులో గుడ్డ ఉందా?"

"లేదు. పడవ ఉంది."

"అయితే పడవ నడిపేవాణ్ణి వెతుక్కో నాయనా," అని గుండీలమ్మ గుండుసూదులు మళ్ళీ పెదాల మధ్య పెట్టుకుంది.