కోబాల్ అడిగిన తండ్రి పేరు

నన్ను ఖమ్మం పంపించి కంప్యూటర్ నేర్పిస్తామని మా ఫ్యాక్టరీ అకౌంట్స్ ఆఫీసర్ చెప్పినప్పుడు, ఇందులో ఏదో మతలబు ఉందనుకున్నాను. పినపాక అవతల, అడవి అంచున ఉన్న ప్లైవుడ్ ఫ్యాక్టరీ అది. నేను అందులో టైపిస్టుని. మా గూడెం నుంచి చదువుకుని కుర్చీలో కూర్చున్న మొదటి ఆడపిల్లని. ఆఫీసులో నాకంటే సీనియర్లు, డిగ్రీలు చేసినవాళ్లు ఉండగా నన్నెందుకు పంపుతున్నట్టు? నాకు మంచి జరిగితే, దాని వెనక ఎవరున్నారో చూసుకున్నాకే సంతోషపడటం నా అలవాటు. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు.

కారణం తర్వాత తెలిసింది. సీనియర్లందరూ వద్దన్నారు. ఎనభైల చివరి రోజులవి. కంప్యూటర్ వస్తే గుమాస్తాలను ఇంటికి పంపిస్తారని అందరికీ భయం. దాన్ని నేర్చుకోవడమంటే ఎవరి గొయ్యి వాళ్లు తవ్వుకోవడమేనని వాళ్ల లెక్క. నేను సరేనన్న రోజు నుంచి, నేను గదిలోకి రాగానే వాళ్ల మాటలు ఆగిపోయేవి. ఆఫీసరుకు నేను చాడీలు చెబుతానని వాళ్ల అనుమానం, నా గురించి వాళ్లేదో చెప్పుకుంటున్నారని నా అనుమానం. అలా ఉండగానే బట్టలు సర్దుకుని ఖమ్మం బస్సెక్కాను.

మిర్చి యార్డుకు దగ్గర్లో, పురుగుమందుల దుకాణం పైన రెండు గదుల్లో నడిచేది ఆ ఇన్‌స్టిట్యూట్. ఒక గదిలో బెంచీలు, నల్లబోర్డు. రెండో గదికి అద్దాల తలుపు, ఏసీ. కంప్యూటర్ ఆ గదిలో ఉండేది. చెప్పులు బయట విప్పి వెళ్లాలి. కానీ వెళ్లేది మాస్టారు ఒక్కరే. మేము గళ్లు గీసిన కోడింగ్ షీట్ల మీద పెన్సిలుతో ప్రోగ్రాం రాసి ఇస్తే, ఆయన లోపలికి తీసుకెళ్లి, టైపు చేసి, తప్పులు ప్రింటు తీసి తెచ్చేవారు. యార్డులో మిర్చి దిగే రోజుల్లో కిటికీలు మూసినా ఘాటు లోపలికి వచ్చి క్లాసంతా తుమ్మేది. ఈ దుమ్ముతో మీరు లోపలికొస్తే మెషిన్ పాడైపోతుందని మాస్టారు అనేవారు. ఆయనది గుంటూరు వైపు. ఆ మాట నేను నమ్మలేదు. లోపల అసలు యంత్రం పనిచేస్తోందా, లేక ఈయనే తప్పులు వెతికి, టైపు కొట్టి మా మొహాన పడేస్తున్నారా అని నా సందేహం.

కోబాల్ అనే ఆ భాష మీదా నాకు గురి కుదరలేదు. అందులో ఏ ప్రోగ్రామైనా నాలుగు భాగాలు. మొదటి భాగంలో నువ్వెవరో చెప్పుకోవాలి, మా అడవి చెక్‌పోస్టులో గార్డుకు చెప్పుకున్నట్టే. తర్వాత ఏ యంత్రం మీద నడుస్తుందో, ఏ సమాచారం తెచ్చావో చెప్పాలి. ఇన్ని జవాబులు చెప్పాక, చివరి భాగంలోగాని చేయాల్సిన పని మాట ఎత్తనివ్వదు. పోనీ ఆ పనైనా చెప్పినట్టు చేస్తుందా అంటే, ఒక చోటి నుంచి ఇంకో చోటికి ‘మూవ్’ చేయమంటే అసలుది అక్కడే ఉంచి, దాని నకలు పంపిస్తుంది. తీస్తానని చెప్పి తీయని భాషను ఎట్లా నమ్మాలని మాస్టారిని అడిగాను. ఆయన చాలాసేపు నవ్వారు.

“ఏం పర్లేదమ్మాయ్. నమ్మనివాళ్లకే ఈ పని బాగా అబ్బుద్ది” అన్నారు.

అది మెచ్చుకోలో ఎగతాళో తేల్చుకోలేకపోయాను. అందుకని ఒక పరీక్ష పెట్టాను. కోబాల్‌లో వాక్యం చివర చుక్క పెట్టకపోతే తప్పు. ఒక పొడుగాటి ప్రోగ్రాంలో, నడుమ ఒక వరుసలో, కావాలనే చుక్క వదిలేసి ఇచ్చాను. తప్పు ప్రింటై వచ్చింది. కానీ చుక్క లేని వరుసలో కాదు, దాని కింది వరుసలో తప్పుందని వచ్చింది. ఆ కింది వరుసలో నిజానికి ఏ తప్పూ లేదు. రాత్రంతా ఆలోచిస్తే అర్థమైంది. మనిషైతే చుక్క లేని చోటే వేలు పెట్టి చూపిస్తాడు. ఇది చుక్క కోసం చూస్తూ ముందుకు పోయి, తర్వాతి వరుసలో తడబడింది. మాస్టారు కల్పిస్తే ఇట్లా కల్పించలేరు. లోపల యంత్రం ఉంది, పనిచేస్తోంది.

ఆ రోజు నుంచి దాని మీద నాకు నమ్మకం కుదిరింది. మనుషుల మీద ఎప్పుడూ అంత కుదరలేదు. నేను గూడెం పిల్లనని దానికి తెలియదు. కోటాలో వచ్చానని మూతి విరవదు. చుక్క పెడితే ఒప్పుకుంటుంది, లేకపోతే ఎవరి కూతురినైనా ఒప్పుకోదు. నాకు అది చాలా నచ్చింది, సిగ్గుపడకుండా చెబుతున్నాను.

నేను తిరిగొచ్చేసరికి ఫ్యాక్టరీలో కూడా ఒక అద్దాల గది తయారై ఉంది. ఆఫీసర్ తన మనసులోది అప్పుడు బయటపెట్టారు. కూలీల హాజరు మస్టర్‌లో మేస్త్రీలు లేని మనుషుల పేర్లు ఎక్కించి, వాళ్ల కూలి తీసుకుంటున్నారని ఆయన అనుమానం. ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు, మూడూ ఒక్కటైనవి ఎక్కడున్నా పట్టుకునే ప్రోగ్రాం రాయమన్నారు. నేర్చుకున్నదంతా పెట్టి రాశాను. పేర్లను వరుసలో పేర్చి, ఒక్కొక్కదాన్నీ దాని ముందుదానితో పోల్చి, తేడా లేకపోతే బయటికి తీస్తుంది. మొదటిసారి నడిపినప్పుడే కొన్ని జంటలు బయటపడ్డాయి. విచారించినంతవరకు అన్నీ దొంగ పేర్లే. ఆఫీసర్ నాకు టీ తెప్పించారు. ఆ కప్పు చేతిలో ఉండగానే చివరి జంట చూశాను. అది మా గూడెం జంట.

నాకు వరుసకు అన్నలు వాళ్లు. ఇద్దరూ అన్నదమ్ముల బిడ్డలు. ఇద్దరికీ తాత పేరే పెట్టారు, మా దగ్గర అది మామూలే. పెద్దవాడి తండ్రి ఇంటికి పెద్ద. చిన్నవాడు ఇంకా పాకుతున్నప్పుడే వాడి తండ్రి అడవిలో పులి వాత పడ్డాడు. అప్పటినుంచి ఇద్దరినీ పెంచింది ఆ పెద్దాయనే, ఇద్దరూ అయ్యా అని పిలిచేదీ ఆయన్నే. తండ్రి పేరేమిటని ఎవరడిగినా ఇద్దరూ ఆయన పేరే చెబుతారు. పైగా పులి వాత పడ్డవాడి పేరు మా గూడెంలో ఎవరూ నోట తలవరు. తలిస్తే పులి మళ్లీ ఆ గడప వెతుక్కుంటూ వస్తుందని భయం.

ఇదంతా ఆఫీసరుకు చెప్పాను. ఆయన నింపాదిగా విన్నారు. ఫ్యాక్టరీలో ఈ ఇద్దరినీ ఒక్కచోట చూసినవాళ్లెవరైనా ఉన్నారా అని అడిగారు. ఎవరూ లేరు. పెద్దాయన పక్షవాతంతో మంచాన పడి ఉన్నాడు, ఆడదిక్కు లేని ఇల్లు. అందుకని ఒకడు పగటి షిఫ్టు, ఇంకొకడు రాత్రి షిఫ్టు పెట్టించుకుని, ఎవరో ఒకరు ఆయన దగ్గర ఉండేవాళ్లు. ఇద్దరి పోలికలూ ఒక్కటే. ఒకడే మనిషి రెండు షిఫ్టులకు హాజరు వేయించుకుంటున్నాడని ఆయన తేల్చారు.

“వాళ్లు మీవాళ్లు కదమ్మా. నువ్వు చెప్పేది ఎలా నమ్మమంటావు?” అన్నారు.

కోపం నెత్తికెక్కింది. కానీ ఆయన స్థానంలో నేనున్నా అదే మాట అనేదాన్నని నాకు తెలుసు. చిన్నవాడి పేరు కొట్టేశారు. ఆ రాత్రి షిఫ్టుకు వాడిని గేటు దగ్గరే ఆపేశారు. అడవిలో పోడు కొట్టుకుందామంటే ఫారెస్టోళ్ల కేసులు, చుట్టుపక్కల ఇంకో ఫ్యాక్టరీ లేదు. పని పోతే వాడు కూలి వెతుక్కుంటూ గోదావరి దాటి పోవాల్సిందే. వాడు పోతే పెద్దాయన్ని చూసే చేతుల్లో సగం పోతాయి.

ఇద్దరూ ఒక్కసారే వచ్చి ఆఫీసర్ ఎదుట నిలబడాలని నేనే చెప్పాను. వాళ్లు వెళ్లిన పొద్దున పెద్దాయన మంచం దగ్గర నేను కూర్చున్నాను. మధ్యాహ్నానికి తిరిగొచ్చారు. చిన్నవాడి మొహంలో వెలుగు లేదు. ఆఫీసర్ ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి చూశారట, ఇద్దరు మనుషులేనని ఒప్పుకున్నారట. అయినా కాగితం మీద ఒక్కడే ఉన్నాడు, తేడా చూపిస్తేనే పని అన్నారట. ఒకడు తండ్రి పేరు మార్చుకోవాలన్నారట.

మర్నాడు నేను వెళ్లి, ఇద్దరికీ చెరో నంబరు ఇద్దామని బతిమాలాను. నంబర్లిస్తే మేస్త్రీలు దొంగ పేర్లకూ నంబర్లు పుట్టిస్తారని ఆయన కొట్టిపారేశారు. బతికిన ఇద్దరు మనుషులు కళ్లముందు నిలబడితే చాలలేదు, ప్రోగ్రాంలో అక్షరాలు వేరుగా ఉండాలి. ఆ ప్రోగ్రాం రాసింది నేను. చుక్క దగ్గర నాకు నచ్చిన గుణమే అది, ఇప్పుడు చూస్తే ఒళ్లు మండింది.

చిన్నవాడు మాత్రం ససేమిరా అన్నాడు. మేము మాట్లాడుకునేది మా భాషలో, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

“అయ్య బతికుండంగ ఇంకో అయ్య పేరు చెప్తనా చెల్లె? పని పోతే పోనీ” అన్నాడు.

పెద్దాయన మంచంలోంచి అంతా విన్నాడు. వాళ్లిద్దరినీ నీళ్లకు పంపించి నన్ను దగ్గరికి రమ్మన్నాడు. నోరు ఒక పక్కకు లాగేసి ఉన్నా, మాట మెల్లగా కూడదీసుకుని చెప్పాడు.

“నా తమ్ముని పేరు చెప్త బిడ్డా, రాసుకో. నోటితోని అంటే పులికి వినబడ్తది గని, నీ మిషన్ల రాస్తే వినబడదు గద.”

నా చెవిలో ఆ పేరు చెప్పాడు. వాడికి మాత్రం తాను చెప్పలేనన్నాడు. సాయంత్రం చిన్నవాడితో, పేరు నేను చెప్పిన, మారు మాట్లాడకుండ పనికి పో అని ఒక్క ముక్క అన్నాడు. వాడు ఆ పేరేమిటని అడగలేదు, ఆయన మాటకు తల వంచి ఊరుకున్నాడు.

నేను మాత్రం తల వంచే మనిషిని కాదు. దారి పొడుగునా ఒకటే గుబులు. ఇది నిజంగా ఆ తమ్ముడి పేరేనా, లేక పని జరగాలని ముసలాయన నోటికొచ్చింది చెప్పాడా? అడుగుదామంటే గూడెంలో ఆ పేరు పలికే నోరు లేదు. అబద్ధమైతే, దొంగ పేర్లు పట్టే ప్రోగ్రాంలో నా చేత్తోనే ఒక దొంగ పేరు ఎక్కించినట్టు. అయినా ఎక్కించాను. ప్రోగ్రాం నడిపితే ఆ జంట ఈసారి బయటికి రాలేదు. అది దేన్ని చూసి ఒప్పుకుందో, దానికి ఏం తెలుసని ఒప్పుకుందో అనుకుంటే నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

శనివారం కూలి ఇచ్చే కిటికీ దగ్గర ఏ షిఫ్టు వాళ్లను ఆ షిఫ్టుకు వరుసలో నిలబెట్టి, క్యాషియర్ పేరూ తండ్రి పేరూ కలిపి గట్టిగా పిలిచేవాడు. పిలిచిన మనిషి “ఉన్న” అని ముందుకొచ్చి వేలిముద్ర వేయాలి. ఆ శనివారం ఆఫీసర్ రెండు షిఫ్టుల వాళ్లనూ ఒక్కసారే రమ్మని, స్వయంగా కిటికీ వెనక కుర్చీ వేయించుకున్నారు. నన్ను పక్కన నిలబెట్టుకున్నారు. క్యాషియర్ పెద్దవాణ్ని పిలిచాడు, వాడొచ్చి తీసుకున్నాడు. తర్వాత అదే పేరు మళ్లీ పిలిచి, తండ్రి దగ్గర కొత్త పేరు చదివాడు.

ఎవరూ పలకలేదు. చిన్నవాడు వరుసలోనే ఉన్నాడు, ఇంకెవరినో పిలుస్తున్నారనుకుని పక్కకు తిరిగి చూస్తున్నాడు. క్యాషియర్ మళ్లీ పిలిచాడు. ఆఫీసర్ నా వైపు తిరిగారు. ఆ పేరుకు మనిషే లేడేంటమ్మా అన్నట్టున్న ఆ చూపు నాకు బాగా తెలుసు, అది నా చూపే. కానీ నేను చూస్తున్నది ఆయన్ని కాదు. వరుసలో ఉన్న మా గూడెం పెద్దవాళ్లందరూ ఆ పేరు వినగానే ఒక్కసారి తలెత్తారు. ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంకొకాయన చేతిలో బీడీ కింద పడేసుకుని, అడవి వైపు చూశాడు. ముసలాయన అబద్ధం చెప్పలేదు.

కిటికీ ఇవతలికి వచ్చి వాడి పక్కన నిలబడ్డాను.

“అన్నా, పిలిచేది నిన్నే” అన్నాను.

“ఆ తండ్రి పేరెవరిది?”

“మీ అయ్యది. నిన్ను కన్నాయనది.”

వాడికి పాతికేళ్లుంటాయి. కన్నతండ్రి పేరు వాడి చెవిన పడటం అదే మొదలు. వెనకాల జనం జల్దీ జల్దీ అంటున్నారు. వాడు కదల్లేదు. వంగి నా చెవి దగ్గర, ఇంకొక్కసారి పిలవమను చెల్లె అన్నాడు.

పిలవమన్నాను. క్యాషియర్ విసుక్కుంటూ తండ్రీకొడుకుల పేర్లు రెండూ గట్టిగా చదివాడు. అప్పుడు వాడు “ఉన్న” అన్నాడు.