బుధవారాన్ని శుక్రవారం చేసిన

మాఘమాసం, సోమవారం, పగలు పన్నెండున్నర. బుధవారం అని చెప్పాల్సిన చోట నా కోడలికి శుక్రవారం అని చెప్పిన. ఒక్క మాట. పంతొమ్మిదేండ్ల నుంచి గొంతుల చేపముల్లు లెక్క ఉన్నది. మింగుడు పడదు, బయటికి రాదు. ఇంట్ల ఎవరికీ చెప్పలే. నువ్వెవరో నాకు తెల్వదు, అందుకే నీకు చెప్తున్న.

నా మనవరాలు శిరీష గ్రహణం మొర్రితోటి పుట్టింది. పై పెదవి ముక్కు దాకా చీలిక, అంగిట్ల కూడా సందు. కడుపుతోటి ఉన్నప్పుడు గ్రహణం పూట నా కోడలు నాగమణి వంకాయలు కోసింది. నేను చూసిన. పిల్ల పుట్టిన కాడి నుంచి ఆ వంకాయలే నా నోట్ల. పని ఆలస్యమైతే వంకాయలు, ఎదురు మాట్లాడితే వంకాయలు. ఆమె తల దించుకునేది. నాకు బాగనిపించేది. ఇప్పుడు దాచి ఏం లాభం?

ఆ సోమవారం పొద్దున నాగమణి మిరపతోటకు కూలికి పోయినంక ఆశా వర్కర్ సరోజ వచ్చింది.

"పెద్దమ్మా, బుధవారం పొద్దుగాల ఏడింటికి ఏన్కూరు సెంటర్ల బస్సు. పిల్లను హైదరాబాద్ తీస్కపోతరు, ఆపరేషన్ ఊకెనే చేస్తరు."

"గంత దూరం ఎందుకే? ఈడ కుట్టరాదా?"

"ఈడ పెదవి ఒక్కటే కుడ్తరు. ఆడ పెదవికొకరు, అంగిటికొకరు, పండ్లకొకరు, మాట నేర్పనీకి ఒక మేడం, అందరు ఒక్క కాడనే ఉంటరు. గిప్పుడే చేపిస్తే మాట సక్కగొస్తది."

"గ్రహణం కాటుకు డాక్టరేం జేస్తడు?"

సరోజ పకపకా నవ్వింది. "గ్రహణం లేదు, ఏం లేదు. నాగమణి తప్పేం లేదని ఆ డాక్టరే చెప్తడు. ఇగ నువ్వు దేనితోటి తిడ్తవో ఎతుక్కో!"

ఆ నవ్వు నాకు కాలింది. పిల్ల పెదవి కలిస్తే నా మాట చెల్లదు. అంతే అనుకున్న. అంతకన్న పెద్ద కారణం ఏదన్న ఉన్నదా అని ఎన్నోసార్లు వెతికిన. ఉంటే ఎంత బాగుండు! లేదు.

శుక్రవారం నాగమణి పిల్లను ఎత్తుకొని పోయి సెంటర్ల మధ్యాహ్నం దాకా నిలబడ్డది. బస్సు ఎప్పుడో పోయింది. వచ్చి అడిగితే నేనేమన్న? "నేను బుధవారమనే చెప్పిన, నువ్వే మర్చిపోయినవ్" అన్న. ఆమె నమ్మింది. చూసినవా, వంకాయలు పోతాయని భయపడి, తిట్టనీకి ఇంకోటి సంపాయించుకున్న. సరోజ వచ్చి "చెప్పినా పోరాయె" అని కోపం చేసి మా గడప తొక్కుడు మానేసింది. మళ్ల బస్సు వచ్చిందో లేదో మాకు చెప్పేటోళ్లు లేరు.

పిల్ల మాట ముక్కుల నుంచే వచ్చేది. బడిల వెక్కిరిస్తే మాట్లాడుడే తగ్గించింది. పెద్దగై హైదరాబాద్ల పనికి కుదిరి, తనంతట తనే దవాఖానాకు పోయి ఆపరేషన్ చేపించుకున్నది. ఫోటో పంపింది. సన్నటి గీత తప్ప ఏం కనపడదు. మాట మాత్రం సక్కగ రాలే. ఫోన్ల అవతలోళ్లు "ఏందీ? ఏందీ?" అంటరని ఫోన్ చెయ్యదు, మెసేజ్ పెడ్తది. అవి చదవనీకే అరవై దాటినంక అంగన్‌వాడీ టీచర్ కాడ కూసొని అక్షరాలు దిద్దిన. కూడబలుక్కొని నేను మొదట చదివిన మెసేజ్ ఇది:

"నానమ్మా, చిన్నప్పుడే తెస్తే మాట కూడ వచ్చేదంట. అమ్మ దినం మర్చిపోయింది కదా. పాపం, అమ్మను ఏమనకు."

ఇది చదవనీకా నేను నేర్చుకున్నది?

వాళ్లకు చెప్పాలె. రోజూ అనుకుంట, రోజూ నోరు రాదు. నాగమణి ఇప్పుడు నా మోకాళ్లకు నూనె రాస్తది. రాసినప్పుడల్లా చిరాకుతోటి కసురుకుంట. ఆమె మీద కాదు ఆ చిరాకు. ఆమెకేం తెల్సు? క్షమించుమని అడగ. అడిగితే ఇస్తది, అదే నాకు భయం. జరిగింది జరిగినట్టు కాయితం మీద పడ్డది, గంతే. ఊపిరి కొంచెం ఆడుతున్నది.

ఆ పన్నెండున్నరకు వాకిట్ల నలుగురం. తోట నుంచి పాలు పట్టనీకి ఉరికొచ్చిన నాగమణి. ఆమె ఒళ్లె చెంచతోటి పాలు తాగుతున్న పది నెలల శిరీష. సరోజ మాట చెవులార విని, నా మాట కూడ విని, మంచంల అటు మళ్లి పండుకున్న మా ఆయన వెంకటయ్య. నేను, పుల్లమ్మ.