ఎదురొచ్చిన విమానం

గాల్లో మలుపు తిరిగాక కూడా ఆ బొమ్మ విమానం రెక్క ఒరిగే ఉంది. ధవళేశ్వరంలో బస్సు ఆగితే, గట్టు మీద ఒకతను రిమోట్‌తో దాన్ని ఎగరేస్తున్నాడని నా పిల్లలిద్దరూ, వాళ్ళ వెనకే నేనూ దిగి చూస్తున్నాం. అది వాళ్ళ మీదికే దూసుకొచ్చింది. ఇద్దర్నీ పక్కకి లాగాను. వాళ్ళు నిలబడ్డ చోటే అది నేలకు కొట్టుకుని ముక్కలైంది.

"అది మన వైపుకి తిరిగాక దాని కుడి మనకి ఎడమవుతుందండి. సరిచెయ్యబోయి ఇంకా ఒరిగించేశాను," అన్నాడతను ముక్కలు ఏరుకుంటూ.

"అయితే ఎవరూ లేని చోట నేర్చుకోవచ్చు కదండీ?"

"ఎవరూ లేకపోతే చూసేదెవరండీ?" అని నవ్వాడు. పిల్లల వైపు తలెత్తి చూడనైనా లేదు.

మర్నాడు పొద్దున్నే పిల్లలకు చెప్పాను. "అలాంటిది ఎగురుతుంటే, ఎంత బాగున్నా సరే, ఆగి చూడకండి. దూరంగా పరుగెత్తండి."