ముళ్ళక్క కలిపిన మట్టి

మొక్కలు అమ్మే తోటలో ఆమెను అందరూ ముళ్ళక్క అనేవారు. ముప్ఫయ్యేళ్ళపాటు అద్దాల పాకలో జెముడు మొక్కలు పెంచింది. రెండు పాళ్ళు ముతక ఇసుక, ఒక పాలు గులకరాళ్ళు, ఒక పాలు మాగిన ఆకు ఎరువు, గుప్పెడు బొగ్గుపొడి. ఆ మట్టి ఆమె కలిపితే తప్ప పాత యజమాని ఒప్పుకునేవాడు కాదు. తడిపి పిడికిట బిగించి చూసేది. ముద్ద కడితే పనికిరాదు, పొడిపొడిగా రాలిపోవాలి. కుండీలో మట్టి అడుగుదాకా ఎండాకే మళ్ళీ నీళ్ళు.

"నా పిల్లలు పస్తులుంటేనే బాగుంటారు," అని నవ్వేది. సొంత పిల్లలు లేరు.

యజమాని పోయాడు. పెత్తనం అల్లుడి చేతికొచ్చింది. అన్ని మొక్కలకూ ఒకటే నల్లమట్టి పోయించి, పైన తుంపర గొట్టాలు బిగించాడు.

"అల్లుడుగారూ, వీటికింత తడి పడదండీ. వేళ్ళు కుళ్ళిపోతాయి."

"నీళ్ళు పోస్తే చచ్చే మొక్క ఉంటుందా అక్కా? చూడు, ఎలా బలిశాయో!"

నిజంగానే బలిశాయి. నిగనిగలాడాయి. ముళ్ళక్కదంతా చాదస్తమే అన్నారు తోటివాళ్ళు. ఆమె ఎంత మొత్తుకున్నా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

వానలు పట్టాక మనిషెత్తు జెముడు ఒకటి మొదలు దగ్గర మెత్తబడింది. నొక్కి చూస్తే వేలు లోపలికి దిగిపోయింది. కుండీలోంచి పెళ్ళగిస్తే వేళ్ళకు బదులు నల్లటి గుజ్జు వచ్చింది. పక్క కుండీలోదీ లాగి చూసింది. అదీ అంతే. నెల తిరిగేసరికి పాక సగం ఖాళీ.

కుళ్ళు ఎక్కని కొసలు పదకొండు కోసి, అడిగి ఇంటికి తెచ్చుకుంది. ఆమె, ఆమె సొంత అక్క ఇద్దరూ ఉండేది ఓ మేడ వెనక చెమ్మగదిలో. కోసిన చోట ఆరాలని కాగితం మీద పరిచింది.

"మనమే ఎండ మొహం చూసి ఎరగం. వీటికెక్కణ్ణుంచి తెస్తావే?" అంది అక్క.

"వానలు తగ్గాక వీధిలో పెడతాలే."

వానలు తగ్గలేదు. గాట్లు ఆరలేదు, బూజు పట్టాయి. రోజూ చాకుతో ఇంకాస్త పైకి కోసేది. కోసిన ప్రతిసారీ లోపల గోధుమరంగు కుళ్ళు చుక్క కనిపించేది. చివరిదాంట్లో కోయడానికి ఇంకేమీ మిగల్లేదు.

"పోనీయవే," అంది అక్క. ముళ్ళక్క చాకు కడిగి గూట్లో పెట్టేసింది.

తోటలో ఆమెను కుండీలు తోమే పనిలో వేశారు. ఒకరోజు ఎవరో ఆవిడ వచ్చి, జెముడుకి ఏ మట్టి మంచిదని అడిగింది. ముళ్ళక్క చెయ్యి ఆగింది.

"ఆ మొక్కలు మానేశామండీ. ఈ గాలికి బతకవు," అన్నాడు అల్లుడు.

ఆమె నోరు తెరవబోయింది. ఆవిడ అప్పటికే పూలమొక్కల వైపు నడిచింది. ముళ్ళక్క ఇంకో కుండీ అందుకుంది.