మా అన్న వంతు ఆఖరి చరణం

మొన్న ఆదివారం మనవరాలు టీవీలో ఏదో హాస్య సీరియల్ పెట్టింది. కొందరు స్నేహితులు ఒక బ్యాండు కట్టుకుని, పెళ్లిళ్లకూ పుట్టినరోజులకూ వెళ్లి ఎవరెవరో కట్టిన పాటలు వాయిస్తుంటారు. వెళ్లిన ప్రతిచోటా ఏదో ఒక రభస. ఇంటిల్లిపాదీ పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. నేనూ వాళ్ల మధ్యే కూర్చున్నాను గానీ నాకు నవ్వూ రాలేదు, బాధా కలగలేదు. తిమ్మిరెక్కిన చేతిని గిల్లితే తెలియదు చూడండి, అలా ఉంది. మా అన్నకూ అలాంటి బ్యాండు ఒకటి ఉండేది.

మాది కరీంనగర్ జిల్లాలో ఒక చేనేత ఊరు. మా తెలంగాణను ఆంధ్రప్రదేశ్‌లో కొత్తగా కలిపిన రోజులు. కరెంటు మగ్గాలు మా వాడకు ఇంకా రాలేదు. గుంతలో కాళ్లు పెట్టి కూర్చుని తొక్కే మగ్గాలే ఇంటింటా ఉండేవి. అన్నకు ఇద్దరు ప్రాణస్నేహితులు, ఒకరు దర్జీ, ఒకరు సైకిల్ షాపాయన. అన్నది క్లారినెట్, దర్జీది బాకా, సైకిల్ షాపాయనది పెద్ద డోలు. ఆ డోలు ఆనించుకోవడానికి కావలసిన పొట్టను ఆయనకు దేవుడే ఇచ్చాడు. హైదరాబాద్‌లో ఎవరో వదిలేసిన ఎర్ర కోట్లు తెచ్చుకుంటే, దర్జీ వాటిని విప్పి కుట్టాడు. స్నేహితుల కోట్లు అతికినట్టు కుదిరాయి, తన కోటుకు మాత్రం ఒక చెయ్యి పొట్టిదైంది. ఎర్ర కోటు వేసుకుని కొడుకు గడప దాటడం చూసి మా బాపు, "మగ్గం గుంతల కూసునేటోనికి బాజాలెందుకురా? నలుగురు నవ్వుతున్నరు," అనేవాడు. నలుగురూ నవ్వింది నిజమే గానీ, వాళ్ల పెళ్లిళ్లకు పిలిచింది కూడా ఆ బ్యాండునే.

వాళ్లు పాటలు నేర్చుకునే పద్ధతి ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. మా వాడలో గ్రామఫోను లేదు, రేడియో అసలే లేదు. డేరా సినిమాకు వారానికొక బొమ్మ వచ్చేది, వారం కాగానే బండెక్కి చెన్నూరుకో ఆసిఫాబాద్‌కో పోయేది. కొత్త పాట రాగానే ముగ్గురూ డబ్బులు కూడగట్టుకుని పొద్దుగూకే ఆటకు ఒక్కసారి వెళ్లేవారు. పాట మొత్తం ఒక్కడికి గుర్తుండదు కాబట్టి వంతులు వేసుకున్నారు. పల్లవి దర్జీది. మధ్యలో వచ్చే వాయిద్యాలు సైకిల్ షాపాయనవి. ఆఖరి చరణం మా అన్నది, పెళ్లిళ్లలో కూడా దాన్ని క్లారినెట్ మీద వాడొక్కడే వాయించేవాడు. పొద్దున్నే మా మగ్గాల కొట్టంలో కూర్చుని ఎవరి ముక్క వారు బయటపెట్టి అతికించేవారు. ఆ తర్వాత అన్న రోజంతా మగ్గం తొక్కుతూ తన ముక్కనే కూనిరాగం తీసేవాడు. పక్కన రాట్నం మీద కండెలు చుట్టేదాన్ని నేను. చెవులు మూసుకునే వీలు లేదు కనుక ఆ చరణాలన్నీ నాకూ వచ్చేశాయి. "నీ పెండ్లికి మా బ్యాండే, చెల్లే. ఊరు ఊరంత లేసి వస్తది సూడు," అనేవాడు అన్న.

నాకు హుస్నాబాద్ సంబంధం కుదిరి, లగ్గం పెట్టుకున్నాక అన్నకు విషజ్వరం వచ్చింది. పోయాడు. అంతకంటే చెప్పడానికి నాకు మాటలు అప్పుడూ దొరకలేదు, ఇప్పుడూ లేవు. చావు జరిగిన ఇంట్లో ఏడాది తిరక్కముందే ఆడపిల్ల పెళ్లి చేయాలనీ, లేకపోతే ఏళ్ల తరబడి ఆగాలనీ పెద్దలు తేల్చారు. బ్యాండు మాత్రం వద్దన్నాడు బాపు. ఎవరికీ ఎదురు చెప్పని మా అమ్మ, మేం అవ్వ అనేవాళ్లం, "వాడు చెల్లెకు మాటిచ్చిండు. వాడు లేకుంటే వాని మాట గూడ లేకుండ పోవాల్నా?" అంది. బాపు తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వెళ్లిపోయాడు. సరేనన్నట్టే లెక్క.

మరునాడు స్నేహితులిద్దరూ కొట్టం గడప మీద వచ్చి కూర్చున్నారు.  దర్జీ అన్నాడు: "చెల్లే, ఏ పాటెత్తుకున్నా సగంల ఆగుతున్నది. ఆఖర్లన్నీ వానితోనే పోయినయి. నీ పెండ్లిల సగం పాట ఎట్ల వాయిస్తం?" పెళ్లికూతుర్ని, మగవాళ్ల ముందు ఏనాడూ గొంతు విప్పినదాన్ని కాదు. రాట్నం ఆపకుండానే కూనిరాగం తీశాను. ఒక చరణం, తర్వాత ఇంకొకటి. "జర మెల్లగ, మల్లొక్కసారి," అనేవాడు సైకిల్ షాపాయన. దర్జీ గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంటున్నాడు. నాకు ఏడుపు రాలేదు. అన్న పోయిన రోజూ రాలేదు. కండె నిండితే తీసి ఇంకొకటి పెట్టుకుంటూ, ఎవరి పాటలో చెబుతున్నట్టు అన్నీ చెప్పేశాను.

పెళ్లినాడు ఎవరేం చేయమంటే అది చేశాను. కూర్చోమంటే కూర్చున్నాను, తల వంచమంటే వంచాను. తలంబ్రాల తర్వాత బ్యాండు ఆ ఏడు అందరూ అడిగే పాట ఎత్తుకుంది. పల్లవి అయింది, మధ్య వాయిద్యం అయింది. దర్జీ బాకా మీద ఆఖరి చరణం మొదలుపెట్టగానే, వడ్డన దగ్గరున్న అవ్వ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తల ఎత్తి బ్యాండు వైపు చూసింది. క్లారినెట్ నిలబడే చోట ఎవరూ లేరు. పాట అయిపోయేదాకా అవ్వ ఆ చోటునే చూసి, మళ్లీ వడ్డించడం మొదలుపెట్టింది.

సీరియల్ అయ్యాక ఈ సంగతంతా చెబితే మనవరాలు ఫోను అందుకుని, "అమ్మమ్మా, గా పాటేందో పాడు, ఇప్పుడే దొరుకుతది," అంది. పల్లవి పాడాను. నిమిషంలో దొరికింది. పల్లవి సరిగ్గా అదే. మధ్య వాయిద్యాలూ సైకిల్ షాపాయన పట్టుకొచ్చినవే. ఆఖరి చరణం మాత్రం వేరు. ఎక్కడా పోలికే లేదు. మళ్లీ పెట్టించుకున్నాను. గుర్తున్న ఇంకో పాట అడిగాను, ఇంకోటి అడిగాను. అన్నింటికీ అంతే. అప్పుడు అర్థమైంది. తెల్లవారుజాము నుంచి మగ్గం తొక్కినవాడు, చీకటి డేరాలో చల్లటి ఇసుకలో కూర్చుంటే నిద్రపోక ఏం చేస్తాడు? పొద్దున్నే స్నేహితులు అడిగేసరికి పరువు పోతుందని అప్పటికప్పుడు ఏదో కట్టి చెప్పి ఉంటాడు. మళ్లీ అడిగితే మారిపోతుందేమోనని రోజంతా సాధన చేసి ఉంటాడు. నిజం తేలేలోపు బొమ్మ ఊరు దాటిపోయేది. ఊరు ఊరంతా అన్ని పెళ్లిళ్లలో మా అన్న కట్టిన చరణాలకే చిందులేసిందన్నమాట.

నాకు నవ్వొచ్చింది. నవ్వు వెనక ఏడుపు కూడా వస్తుందేమోనని కాసేపు చూశాను, రాలేదు. మనవరాలు జాలిగా నా చెయ్యి పట్టుకుని, "నువ్వే మరిచిపోయినవ్ అమ్మమ్మా," అంది. కాదని చెప్పడానికి దర్జీ లేడు, సైకిల్ షాపాయన లేడు, అవ్వ లేదు. "అయ్యుంటది బిడ్డా," అన్నాను. కాలం ఆ సినిమా పాటలన్నింటినీ పొల్లు పోకుండా దాచిపెట్టింది. మా అన్న కట్టిన చరణాలను మాత్రం నా ఒక్కదాని దగ్గరే ఉంచింది, నాకేమో ఎనభై దాటాయి.