గడియ వెనుక పాప

సోషల్ వర్క్‌లో ఎమ్మెస్‌డబ్ల్యూ చదువుతున్నప్పుడు నన్ను ఫీల్డ్‌వర్క్‌కు ధర్మవరం పంపారు. నడవలేని పిల్లలను గుర్తించి ఫిజియోథెరపీ ఇప్పించడం మా పని. చేనేత వీధిలో ఒక ఇంటికి వెళ్లగానే, మగ్గం నేస్తున్న ఆమె లేచి, గబగబా లోపలికి వెళ్లొచ్చి గడపకు అడ్డంగా నిలబడింది.

"ఈడ పిల్లోల్లు ఎవరూ లేరు. నువ్వు పోమ్మా" అంది.

కానీ దండెం మీద చిన్న గౌన్లు ఆరుతున్నాయి. లోపలి గదికి బయట గడియ పెట్టి ఉంది. ఎవరో మూలుగుతున్నట్టు వినిపించింది. బిడ్డను బంధించి హింసిస్తున్నారేమోనని నాకు అనుమానం వచ్చింది. ఆమె అరుస్తున్నా వినకుండా, పక్కకు నెట్టి వెళ్లి గడియ తీశాను.

పదేళ్ల పాప చాప మీద కూర్చుని ఏదో పాడుకుంటోంది. కాళ్లు చచ్చుబడ్డాయి. అయినా శుభ్రంగా స్నానం చేయించి, రెండు జడలు వేసి, మల్లెలు పెట్టారు. నన్ను చూసి హడలిపోయి ఏడ్చింది.

తల్లి నా కాళ్లు పట్టుకుంది. "నా బిడ్డను హాస్టల్‌కు తీసకపోవద్దు తల్లీ! పోయినసారి వచ్చినోల్లు తీసకపోతామనిరి. అందుకే నిన్ను చూస్తానే గడియ పెట్టినా."

సిగ్గుతో తలెత్తలేకపోయాను. నేల మీద కూర్చుని క్షమాపణ అడిగాను. ఫిజియోథెరపీ చేసేవాళ్లే ఇంటికి వచ్చి వ్యాయామం చేయిస్తారని చెప్పాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"రేపు రా. బయట కూర్చో. నా బిడ్డ పిలిస్తే అప్పుడు చూద్దాం."

నాలుగో రోజు పాప పిలిచింది. ఇప్పుడు ఇదే నా ఉద్యోగం. ఎవరింటికి వెళ్లినా, రమ్మనేదాకా గడప దాటను.